ఊద్ వాద్యానికి ఆ పేరెక్కడిది? ఊదుబత్తిలో ఉన్న ఊదూ ఇదీ ఒకటేనా?

వంశధార_గుణుపురం

అందరికీ నమస్కారం. దసరాలకి మా గుణుపురంలో తీగ వాద్యాల ప్రదర్శన పెడుతున్నాం. బొబ్బిలి వీణ, తంబూరా, కిన్నెర, సవరల తీగవాద్యం సిద్ధంగా ఉన్నాయి. వాటి పక్కన పెట్టడానికి కువైట్ నుంచి వచ్చిన ఊద్ ఒకటి చేతికొచ్చింది. ప్రతి వాద్యం ముందు తెలుగులోనూ ఒడియాలోనూ ఒక చీటీ ఉంటుంది. ఊద్ చీటీ దగ్గరే ఆగిపోయాం. ఆ పేరు అగరు చెక్క నుంచి వచ్చిందని ఒకరు, కర్ర అని అర్థమని ఒకరు, పారశీక మాటని ఇంకొకరు అంటున్నారు. ఏది రాస్తే తప్పు కాకుండా ఉంటుంది?

వాద్యం వివరాలు ఇవి. 11 తీగలు: ఐదు జతలు, ఒక ఒంటి తీగ. పలక మీద తీగలు ఆనే గుర్రం దగ్గర నుంచి మెడ చివరి ఎముక దాకా తీగ పొడవు 61 సెం.మీ. మెట్లు లేవు. పలక మీద పెద్ద రంధ్రం ఒకటి, చిన్నవి రెండు, మూడింటికీ జాలీ చెక్కుడు. వెనక పొట్ట బద్దీలు అతికించి చేసింది. బిరడలు కొన్ని జారుతున్నాయి, రెండు మాత్రం కదలడమే లేదు. అన్నిటికంటే సన్న తీగ ఒకటి తెగిపోయింది. మెడ పొట్టతో కలిసే చోట పలకకీ తీగకీ మధ్య 5 మి.మీ. ఎత్తుంది. ప్రదర్శనలో పది నిమిషాలైనా వాయించి వినిపించాలని ఉంది. ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో చెప్పండి.

---

పర్లాకిమిడి_తంత్రి

ముందు పేరు సంగతి చూద్దామండి. మిగతావి ఎలాగూ రాయగడ వారు చెబుతారు.

అరబీలో ఊద్ అంటే కర్ర, కట్టె, పుల్ల. మామూలు వాడుక మాట. ఆ భాషలో అగరు చెక్కనీ ఊద్ అనే పిలుస్తారు. ధూపంగా కాల్చేది ఆ చెక్కనే కాబట్టి మాట దానికి అంటుకుపోయింది. మన దేశం నుంచి వెళ్లే అగరుకి "ఊద్ హిందీ" అన్న పేరు అరబీలో చాలా పాతది. ఉర్దూ మీదుగా అదే మాట మన ఊదుబత్తిలోకి వచ్చింది. అగరుబత్తి, ఊదుబత్తి అని రెండు రకాలుగా అంటున్నామంటే మొదటి దాంట్లో సంస్కృతం అగరు, రెండో దాంట్లో అరబీ ఊద్ ఉన్నాయన్నమాట. వస్తువు ఒకటే. పిల్లనగ్రోవి "ఊదు" అనే మన క్రియకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చీటీ చదివేవాళ్లకి మొదట తట్టేది ఆ క్రియే కాబట్టి ఈ ముక్క ఒక వాక్యంలో రాస్తే మంచిది.

కాబట్టి ఊదుబత్తిలో ఉన్న మాటా వాద్యం పేరూ ఒకటే. చెక్క మాత్రం ఒకటి కాదు. అగరు చెక్కతో చేస్తారు కాబట్టి ఊద్ అన్నారనే మాట ఇంటర్నెట్‌లో చాలాచోట్ల కనబడుతుంది. అది చీటీ మీదికి రానివ్వకండి. అగరు చెట్టుకి బూజు తెగులు సోకినచోట బంక ఊరి, ఆ భాగం నల్లబడి సువాసన పడుతుంది. అలా పాడైన ముక్కలే ఖరీదు. తెగులు సోకని చెక్క తేలిక, మెత్తన. బంక పట్టిన ముక్కని బద్దీలుగా కోసి వంచి పొట్ట చెయ్యడం ఎవరూ చెయ్యరు. ఊద్ పొట్టకి వాడేవి వాల్‌నట్, మేపుల్, మహాగని, రోజ్‌వుడ్ లాంటివి. పలకకి స్ప్రూస్ గాని, దేవదారు జాతి చెక్క గాని వాడతారు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. వీణా చెక్కే, తంబూరా చెక్కే. మరి దీన్నొక్కదాన్నే "కర్ర" అని ఎందుకన్నారు? ఎక్కువమంది చెప్పే కారణం పలకే. అంతకుముందు అరబ్బుల దగ్గరున్న మిజ్‌హర్ లాంటి వాద్యాలకి ముఖం మీద తోలు బిగించేవారు. పారశీకం నుంచి వచ్చిన బర్బత్ పద్ధతిలో ముఖానికి పల్చని చెక్క పలక వేశారు. తోలు ముఖం వాద్యాల మధ్య చెక్క ముఖంది వస్తే దాన్ని "చెక్కది" అనడంలో వింతేముంది? నాకు నమ్మకం కలిగించేది ఈ వివరణే. ఎందుకంటే పేరు పుట్టిన కాలంలో రెండు వాద్యాలకీ తేడా నిజంగా అక్కడే ఉంది.

9వ శతాబ్దం నాటి అరబీ రచనల్లో ఒక పురాణగాథ కూడా ఉంది. లమ్క్ అనే ఆయన చనిపోయిన కొడుకు శరీరం ఆకారంలో ఈ వాద్యాన్ని చేశాడని. చీటీలో చోటుంటే గాథ అని చెప్పి రాయవచ్చు. పేరుకి మాత్రం దానివల్ల ఏమీ తేలదు.

పేరు తర్వాత ఎటు పోయిందో చూడండి. అరబీలో ముందు "అల్" చేరి అల్-ఊద్ అవుతుంది. అందులో మొదటి అచ్చు రాలి, ల్ మాత్రం మాటకి అతుక్కుని స్పానిష్‌లో లాఊద్, ఇటాలియన్‌లో లియూతో, జర్మన్‌లో లౌటె, ఇంగ్లిష్‌లో ల్యూట్ అయింది. తీగ వాద్యాలు చేసే కారిగరుని ల్యూథియర్ అంటున్నారే, అదీ ఇందులోంచే. గ్రీకుల దగ్గర రెండు వాద్యాలున్నాయి, ఊటి అనీ లాఊతో అనీ. మొదటి పేరు తుర్కీల ఉద్ నుంచి, రెండోది ఇటలీ వైపు నుంచి వచ్చాయి. ఒకే అరబీ మాట రెండు దారుల్లో ఒకే దేశం చేరింది.

---

ప్రాణహిత_సిరొంచ

పర్లాకిమిడి సార్ చెప్పింది బాగుంది. రెండు విషయాలు కలుపుతా.

మొదటిది పలకడం. ఇంగ్లిష్ అక్షరాలు చూసి మనవాళ్లు "ఔడ్" అంటున్నరు. అట్ల కాదు. దీర్ఘం ఊ, చివర దంతాలకు నాలుక తగిలే ద. మొదట్ల గొంతు లోపల్నుంచి వచ్చే ఐన్ అనే హల్లు ఉంటది. దానికి మన లిపిల అక్షరం లేదు, ఉర్దూల కూడ దాన్ని పూర్తిగ పలకరు. తెలుగుల "ఊద్" అని రాస్తే చాలు. ఒడియాల కూడ ద అక్షరమే వాడమని చెప్పండి, డ వద్దు. ఊద్ వాయించేటాయన్ని అవ్వాద్ అంటరు.

రెండోది, పారశీక మాట అన్నవాళ్లను ఒక్కసారిగ కొట్టెయ్యకండి సార్. పారశీకంల రూద్ అంటే తీగ, తీగ వాద్యం అని అర్థాలున్నయి. ఎకార్ట్ నాయిబావర్ అనే జర్మన్ పండితుడు ఊద్ అనేది ఆ రూద్ అరబీ నోట్ల మారిన రూపం కావచ్చునన్నడు. వాద్యం రూపం అటు నుంచే వచ్చింది, తీగల పేర్లల్ల సగం పారశీకమే. అందుకే ఆ మాటకు బలం ఉంది. పాతకాలంల నాలుగు తీగలు. బొంగు గొంతుది బమ్మ్, సన్నది జీర్. ఈ రెండు పారశీకం. మధ్యల రెండు మస్‌లస్, మస్‌నా, అంటే మూడోది, రెండోది. ఇవి అరబీ. 9వ శతాబ్దంల అల్-కిందీ అనే అరబ్ పండితుడు ఈ నాలుగు పేర్లతోనే శ్రుతుల లెక్క రాసిండు.

నాలుగు తీగలకు నాలుగు రంగులు కూడ ఉండేవి. జీర్ పసుపు, మస్‌నా ఎరుపు, మస్‌లస్ తెలుపు, బమ్మ్ నలుపు. యునానీ వైద్యంల చెప్పే పిత్తం, రక్తం, కఫం, నల్ల పిత్తం వాటికి జోడి. బాగ్దాద్ నుంచి పోయి 822ల స్పెయిన్ల ఉన్న కొర్దోబా చేరిన జిర్యాబ్ అనే సంగీతకారుడు నడుమ ఐదో తీగ కలిపి, అది ఆత్మకు గుర్తు అన్నడని చెప్తరు. చెక్క ముక్కతోని మీటుడు మాని గద్ద ఈకతోని మీటుడు తెచ్చింది కూడ ఆయనే అంటరు. ఇప్పటికీ మీటే పుల్లను రీషా అంటరు, అంటే ఈక. తుర్కీల మిజ్రప్, మన సితార్ వాళ్ల మిజ్రాబ్ వేరే మాట. "కొట్టేది" అనే అర్థం ఉన్న అరబీ మాట నుంచి వచ్చింది.

ప్రదర్శనల వీణ పక్కన పెడుతున్నరు గనుక ఇంకోటి. తీగలు ఎక్కి కూర్చునే గుర్రాన్ని అరబీల ఫరస్ అంటరు. ఫరస్ అంటే గుర్రమే. రెండు వాద్యాలకు భాగాల పేర్లు రాసి బాణం గుర్తులు పెడితే పిల్లలకు ఇష్టమైతది. తలకాయ దగ్గర తీగలు ఆనే ఎముక అన్ఫ్, ముక్కు. మెడ రకబా. మీటు తగిలి పలక గీరుకపోకుండ అతికించే పల్చని చెక్క రక్మా.

---

వంశధార_గుణుపురం

ఇద్దరికీ చాలా థాంక్సండి. గుర్రం మాట ఇక్కడ అందరికీ తెగ నచ్చింది. ఇప్పుడు అడిగేది, పలక కథా రూద్ కథా రెండూ చీటీలో పెట్టమంటారా? ఒకటే అయితే ఏది? లోపల పెద్ద రంధ్రంలోంచి చూస్తే కాగితం ముక్క ఉంది గాని అక్షరాలు చెరిగిపోయాయి.

---

రాయగడ_వడ్రంగం

చీటీ సంగతి వాళ్లిద్దరూ తేల్చుకుంటారు. వాద్యం సంగతి నేను చెబుతానండి.

మీ కొలత 61 సెం.మీ. కాబట్టి అది అరబ్ పద్ధతి ఊద్. తుర్కీ ఊద్‌కి 58.5 సెం.మీ. ఉంటుంది, శ్రుతి కూడా ఒక స్వరం పైకి కడతారు. ఈ రెండింటి తీగల సెట్లు వేరు. కొనేటప్పుడు "అరబిక్, 11 తీగలు, 61" అని మూడు ముక్కలూ చెప్పి కొనండి.

అన్నిటికంటే ముఖ్యం ఒకటుంది. వీణ తీగ గాని, గిటార్ స్టీల్ తీగ గాని దీనికి ఎక్కించొద్దు. వీణ మీద మనం చూసే కుండ పనస చెక్క తొలిచి చేసింది, దిట్టంగా ఉంటుంది. ఊద్ పొట్ట బద్దీల మందం 3 మి.మీ. లోపే, పలక 1.5 నుంచి 2 మి.మీ. మాత్రమే. వీణ తీగలు గుర్రం మీదుగా దాటి నాగపాశానికి కడతాం, లాగుడంతా కుండ చివర పడుతుంది. ఊద్‌లో మామూలుగా గుర్రమే పలకకి అతికించి ఉంటుంది, తీగ దానికే కడతారు. కాబట్టి లాగుడంతా ఆ పల్చని పలక మీద, ఆ అతుకు మీద. నైలాన్ తీగలతో ఒక్కో దాని మీద సుమారు మూడు మూడున్నర కిలోల లాగుడు, పదకొండింటికీ కలిపి 35 కిలోల చుట్టూ. స్టీలు నైలాన్ కంటే ఏడు రెట్లు బరువు. అదే మందం స్టీలు తీగని అదే శ్రుతికి తేవాలంటే ఏడు రెట్లు బిగించాలి. సన్నది వేసినా లాగుడు ఎక్కువే. గుర్రం ఊడి వస్తుంది, ఒక్కోసారి పలక పోగుల్ని కూడా లాక్కుని వస్తుంది.

ఇప్పుడు బిరడలు. ఈ వానల్లో వంశధార ఒడ్డున చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. అందుకే రెండు బిగిశాయి. జారేవి బహుశా అరిగినవి, లేదా వాటికి తీగ చుట్టడంలో తేడా ఉంది.

బిగిసిన వాటిని పటకారుతో తిప్పకండి. తల విరుగుతుంది. ముందు ఆ తీగ వదులు చేసే వీలుందేమో చూడండి. వాద్యాన్ని ఫ్యాను లేని పొడి గదిలో, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి రెండు మూడు రోజులుంచండి. చాలావరకు అదే వదులుతుంది. అప్పటికీ రాకపోతే బిరడ సన్న కొన పెట్టె అవతలి గోడలోంచి కనబడుతుంది చూడండి, దాని మీద చిన్న చెక్క పుల్ల ఆనించి తేలిగ్గా తట్టండి. తట్టేటప్పుడు బిరడల పెట్టెని ఇంకొకరు చేత్తో పట్టుకోవాలి, బల్ల మీద ఆనించకూడదు. హెయిర్ డ్రయర్ వేడి పెట్టొద్దు. అతుకులన్నీ సాధారణంగా సరేసుతోనే ఉంటాయి. పశువుల తోలు ఉడికించి తీసే ఆ బంక వేడికి మెత్తబడిపోతుంది.

బయటికి వచ్చాక బిరడ కాండం చూడండి. రెండు చోట్ల, అంటే పెట్టె రెండు గోడలు తగిలిన చోట్ల, నిగనిగలాడే పట్టీలు సమానంగా ఉండాలి. ఒక చోటే మెరుస్తుంటే అది ఒక గోడకే ఆనుతోంది. ఎంత నొక్కినా జారుతుంది. మెరిసే చోట 320 నంబరు సాండ్ పేపరుతో ఒకటి రెండు చుట్లు రుద్ది మళ్లీ పెట్టి తిప్పి చూడండి. రెండో చోట కూడా గుర్తు పడేదాకా కొంచెం కొంచెంగా చెయ్యండి. ఒకేసారి ఎక్కువ తీస్తే బిరడ మరీ లోపలికి దిగిపోతుంది. చిల్లు గుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంటే రుద్దుడు పనిచెయ్యదు. చిల్లుని రీమరుతో (చిల్లు లోపల గీకి సాపు చేసే పనిముట్టు) గుండ్రం చేసి లావు బిరడ వెయ్యాలి. అది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వీణ కారిగర్ల చేతికివ్వండి. రాయగడ నుంచి రైల్లో పార్వతీపురం దాటితే బొబ్బిలే. బిరడ చెక్కడం వాళ్లకి కొత్త కాదు. చిల్లు ఏటవాలు మాత్రం వీణది వేరు, ఊద్‌ది వేరు. పాత బిరడ ఒకటి నమూనాగా తప్పకుండా ఇవ్వండి.

రెండు గోడలకీ బాగా ఆనుతున్నా జారుతోందంటే పొడి బట్టల సబ్బు ముక్కతో రెండు పట్టీల మీదా ఒక గీత, దాని మీద బడి సుద్దతో రెండు గీతలు రాసి పెట్టి తిప్పండి. సబ్బు తిరగనిస్తుంది, సుద్ద ఆపుతుంది. నూనె, వ్యాజిలీన్ ఏదీ వద్దు. ఒకసారి చెక్క పీల్చుకుంటే ఆ చిల్లు ఇంక పట్టదు.

చుట్టేటప్పుడు తీగ చుట్లు బిరడ తల వైపు సాగుతూ రావాలి. అప్పుడు తీగ లాగుడే బిరడని లోపలికి లాగుతుంది. సన్న కొన వైపు సాగితే బయటికి తోస్తుంది. జారే బిరడల్లో సగానికి రోగం ఇదే. అలాగని చివరి చుట్టు గోడకి ఒరుసుకునేదాకా తోయకండి. పెట్టె గోడ చీలుతుంది.

ఇక 5 మి.మీ. ఎత్తు. అది ఎక్కువండి. మెడ పొట్టతో కలిసేచోట 3 మి.మీ. లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ఎత్తుకి రెండు కారణాలు. ఒకటి, మెడ ముందుకి లేచిపోవడం. రెండు, గుర్రం దగ్గర పలక ఉబ్బడం. నిటారు స్టీలు స్కేలు మెడ మీద పొడవునా ఆనించి పలక మీదుగా గుర్రం వైపు చూపండి. మెడ నేరుగా ఉండి గుర్రం వెనక పలక పైకి లేచి, రంధ్రం వైపు దిగబడి ఉంటే అది పలక ఉబ్బు. వానల్లో కొంత ఉబ్బడం మామూలే, పొడి వాతావరణానికి తగ్గుతుంది. అందుకే వాతావరణం తేలేదాకా ఎత్తు గురించి ఏ కోతలూ కొయ్యకండి. మెడే లేస్తే అతుకు విప్పి మళ్లీ అతకాలి. అది పెద్ద పని, దసరాకి అవ్వదు. ఎముకని అరగదీస్తే తగ్గుతుందని ఎవరైనా అంటే వినకండి. ఆ చివర అరగదీస్తే మెడ మొదట్లో తీగ మెడ చెక్కకి తగిలి జీరపోతుంది, ఇటు ఎత్తు అలాగే ఉంటుంది.

చివరగా, తీగలు బిగించేముందు పలకని వేలి కణుపుతో మెల్లగా తట్టుకుంటూ పోండి. ఎక్కడైనా జిర్రుమంటే లోపల అడ్డ బద్దీ ఊడిందని అర్థం. రంధ్రంలోంచి చిన్న అద్దం, మొబైల్ లైటు పెట్టి చూస్తే కనబడుతుంది. ఊడి ఉంటే వాయించే ఆలోచన మానుకుని, తీగలు వదులు చేసి చూపించడం వరకే పెట్టండి.

---

పర్లాకిమిడి_తంత్రి

చీటీలో రెండూ పెట్టండి గాని సమానంగా పెట్టొద్దు. ఊద్ అంటే కర్ర అన్నది అరబీలో స్పష్టంగా ఉన్న అర్థం, అందులో ఊహ లేదు. పలక వల్ల ఆ పేరు పడిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే కారణం. రూద్ అన్నది ఒక పండితుడి ప్రతిపాదన. సిరొంచ వారన్నట్టు బలం ఉన్నదే. కాని రూద్‌లో ర పోయి ఆ చోట ఐన్ ఎలా చేరిందో మాట మార్పుల్లో చూపించడం కష్టం. అందుకే దాన్ని రెండో స్థానంలో ఉంచుతాను.

ఇలా రాస్తే సరిపోతుంది, చూడండి:

"ఊద్. అరబ్ దేశాల తీగ వాద్యం. ఊద్ అనే అరబీ మాటకు కర్ర అని అర్థం. తోలు ముఖం ఉన్న పాత వాద్యాల నుంచి వేరుగా చెక్క పలక ఉన్నందున ఈ పేరు వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. తీగ వాద్యం అని అర్థమున్న పారశీకపు రూద్ నుంచి వచ్చిందని మరో వాదన. ఊదుబత్తిలోని ఊదు కూడా ఇదే మాట, కాని ఈ వాద్యాన్ని అగరు చెక్కతో చెయ్యరు. ఐరోపా వారి ల్యూట్‌కు పేరు దీన్నుంచే వచ్చింది. మెట్లు ఉండవు. ఊద్ తయారీని, వాదనాన్ని ఇరాన్, సిరియాల పేరిట 2022లో యునెస్కో మానవాళి అభౌతిక వారసత్వ జాబితాలో చేర్చారు."

వీలుంటే పక్కనే ఒక చిన్న బొమ్మ పెట్టండి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో బేరిపండు ఆకారంలో పొట్టి మెడ వాద్యం వాయించేవాళ్లు కనబడతారు. బర్బత్, చైనా వారి పీపా, జపాన్ వారి బివా అన్నీ ఆ ఆకారం వాద్యాలే. మన దగ్గర అది పోయి వీణ నిలబడింది. ఆ బొమ్మ వీణకీ ఊద్‌కీ మధ్యలో ఉంటే చూసేవాళ్లకి రెండూ పరాయివిగా అనిపించవు.

---

బరంపురం_శ్రుతి

తీగలు, శ్రుతి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

అరబ్ శ్రుతి కింది నుంచి పైకి సీ, ఎఫ్, ఏ, డీ, జీ, సీ. మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఒకటి శ్రుతి తంబూరా పెట్టుకుని చూడండి. ఒంటి తీగ అనుమంద్ర షడ్జం. మొదటి జత అనుమంద్రంలోనే శుద్ధ మధ్యమం, రెండోది చతుశ్రుతి ధైవతం. మూడో జత మంద్ర చతుశ్రుతి రిషభం, నాలుగోది మంద్ర పంచమం, ఐదోది మధ్య షడ్జం. మధ్యమానికీ ధైవతానికీ మధ్య తప్ప మిగతా అన్నిచోట్లా ఎడం ఒక శుద్ధ మధ్యమమే. ఇరాక్‌లో ఊద్ విద్వాంసుడు మునీర్ బషీర్ (1930–1997) పద్ధతి వేరు, పైన ఇంకో ఎఫ్ తీగ ఉంటుంది. మీ వాద్యానికున్న సెట్టుతో అది ప్రయత్నించకండి, తెగుతుంది.

మీకు తెగింది పై షడ్జం జతలో ఒకటి. దానికి 0.60 నుంచి 0.64 మి.మీ. మందం ఉన్న ఒంటిపోగు నైలాన్ కావాలి. సెట్టు వచ్చేదాకా చేపల గాలం నైలాన్ 0.60 పనికొస్తుంది. గోపాల్‌పూర్ వైపు వలల సామాన్ల దుకాణాల్లో చూడండి. జతలో ఒకటి పాతది, ఒకటి కొత్తది వద్దు. రెండూ మార్చండి, లేకపోతే రెండూ ఒకే శ్రుతిలో నిలబడవు. దాని కింది పంచమం జతకి క్లాసికల్ గిటార్ మొదటి నైలాన్ తీగ సరిగ్గా సరిపోతుంది, 0.71 మి.మీ. అంతకు కిందివన్నీ పట్టు లేదా నైలాన్ పోగుల మీద రాగి చుట్టినవి. వాటికి బదులు లేదు, సెట్టు కొనాల్సిందే.

ఉన్న తీగలన్నీ ఒకేసారి విప్పకండి. ఒకటి మార్చి బిగించాకే రెండోది. గుర్రం దగ్గర నైలాన్‌ని చిల్లులోంచి తీసి తన చుట్టూ తానే మూడు మెలికలు వేసి బిగించండి. మెలికలు తక్కువైతే ముడి ఊడి తీగ కొస పలక మీద కొడుతుంది, అక్కడ గుంట పడుతుంది. ముడి వేసేటప్పుడు గుర్రం వెనక ఒక అట్టముక్క పెట్టుకోండి. కొత్త నైలాన్ రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది. మొదటి రోజు రెండు స్వరాలు కిందనే ఆపి, రోజుకి కొంచెం పెంచండి. చాలాకాలం వదులుగా ఉన్న పలక మీద ఒక్కసారే బరువు వెయ్యకూడదు.

రీషా లేకపోతే వెడల్పు కేబుల్ టై తీసుకోండి, 7 నుంచి 9 మి.మీ. వెడల్పుది. పళ్లు లేని భాగం 11 సెం.మీ. కోసి, కొస గుండ్రంగా చేసి, అంచులు సన్న సాండ్ పేపరుతో నున్నగా రుద్దండి. గిటార్ పిక్‌లా రెండు వేళ్లతో పట్టుకోరు. పిడికిలి మధ్యలోంచి పోనిచ్చి, కొస మాత్రం బొటనవేలు, చూపుడువేలు మధ్యనుంచి బయటికి రావాలి. మణికట్టు వదులుగా ఉండి, కిందికి వేసిన దెబ్బకి చేతి బరువు తోడవ్వాలి.  ఊద్‌లో బలమంతా కిందికి కొట్టడంలోనే.

వాయించి చూపేటప్పుడు రాస్త్ మకామ్ ఎత్తుకోండి (మకామ్ అంటే మన రాగం లాంటిది). అందులో గాంధారం సాధారణానికీ అంతరానికీ మధ్యలో పడుతుంది. వీణ మీద మెట్ల మధ్య అది తీగ లాగితే గాని రాదు, ఊద్‌కి మెట్లు లేవు కాబట్టి వేలు ఆ చోట నేరుగా పెట్టడమే. శంకరాభరణం ఆరోహణ ఒకసారి, వెంటనే రాస్త్ ఒకసారి వినిపిస్తే సంగీతం రానివాళ్లకి కూడా తేడా చెవిని పడుతుంది.

ప్రదర్శన బల్ల దగ్గర జాగ్రత్త. అద్దాల పెట్టెలో హాలోజన్ దీపాలు పెట్టొద్దు, ఎల్‌ఈడీ చాలు. గోడకి మేకు కొట్టి వేలాడదీయకండి, గుణుపురంలో ఆ రోజులకి గోడలు ఇంకా చెమ్మగానే ఉంటాయి. పొట్ట గుండ్రం కాబట్టి బల్ల మీద ఆనదు. గుడ్డ చుట్ట గుండ్రంగా పేర్చి దాని మీద పొట్ట ఉంచి, మెడ కింద చిన్న దిండు పెట్టండి. పెట్టెలో ఒక తేమ మీటరు వేసి 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. 60 దాటితే సిలికా జెల్ మార్చాలి. నారింజ రంగు ఆకుపచ్చకి తిరిగిన గింజల్ని ఇనుప పెనం మీద సన్నని సెగకి వేపితే మళ్లీ రంగు వస్తుంది, అప్పుడు తిరిగి వాడొచ్చు.

---

ప్రాణహిత_సిరొంచ

పర్లాకిమిడి సార్, ర పోయి ఐన్ వచ్చుడు కష్టమన్నది నిజమే, ఒప్పుకుంట. చీటీ అట్లనే పెట్టండి.

బరంపురం సార్ తేమ గురించి చెప్పిండు, మా దిక్కు దానికి ఉల్టా. ప్రదర్శన అయినంక ఆ ఊద్ ఎవరన్న చంద్రపూర్, బల్లార్షా దిక్కు తెచ్చేది ఉంటే చలికాలంలనే తెమ్మనండి. మే నెలల ఇక్కడ 45 డిగ్రీలు దాటి గాలిల తడే ఉండదు. పలక కుదించుకపోయి పోగు వెంబడి చీలుతది, ఎక్కువగ గుర్రం చివర్ల దగ్గర. అప్పుడు సిలికా జెల్ తీసెయ్యాలె. చిల్లులు పెట్టిన సబ్బు పెట్టెల తడి పిండిన స్పాంజి పెట్టి వాద్యం పెట్టెల ఉంచాలె, చెక్కకు తగలకుండ, రెండు రోజులకోసారి చూసుకుంట. ఎండల నిలబెట్టిన కార్ల మాత్రం ఒక్క గంట కూడ వదలొద్దు. ఆ వేడికి సరేసు మెత్తబడి గుర్రం తీగలతో సహా లేచి వస్తది.